సొరుగులో గొంతు

ఆ వీధిలో ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. చిన్నాపెద్దా అందరికీ డిస్కక్కే. బల్ల కింద ఇనప్పెట్టెలా కూర్చుని, ఏళ్ల తరబడి దుమ్ము పీల్చి, మీట నొక్కగానే ఇల్లంతా వినపడేలా గురక పెట్టే పాత కంప్యూటర్లుంటాయి చూడండి, వాటికి హార్డ్ డిస్కులు మార్చడం, మొరాయించిన డిస్కుల్ని బతిమాలి దారికి తేవడం ఆవిడ పని. కొత్త కంప్యూటర్ తెస్తే ముట్టుకోదు. "దీనికి బాగా చదువుకున్నవాళ్లున్నారు, అటు వెళ్లండి" అని పంపించేస్తుంది. పాతది తెస్తే మాత్రం ఇంటికి చుట్టం వచ్చినట్టు లేచి ఎదురెళ్తుంది.

దుకాణం అంటే ఒక గది. గుమ్మం పక్కన మొగుడి జిరాక్సు మిషను, లోపల ఆవిడ బల్ల. బల్ల మీద మూత లేని కంప్యూటర్ ఒకటి ఎప్పుడూ పేగులు బయటపెట్టుకుని ఉంటుంది. డిస్కు జబ్బు చెవితోనే పట్టేస్తుంది ఆవిడ. స్క్రూడ్రైవర్ మొన డిస్కు వీపుకి, పిడి చెవికి ఆనించి కళ్లు మూసుకుంటుంది. టిక్కు టిక్కుమంటే ఒక జబ్బు, గుయ్యిమని లేవలేకపోతే ఇంకో జబ్బు, అసలు ఉలుకూ పలుకూ లేకపోతే కరెంటు అందడం లేదని లెక్క.

ఇంకో అలవాటు కూడా ఉంది. డిస్కు మార్చే పని వస్తే స్క్రూ విప్పకముందే రెండు తెల్ల ప్లాస్టరు ముక్కలు చింపి, ఒకదాని మీద 'పాత' అని, ఒకదాని మీద 'కొత్త' అని రాసి రెండు డిస్కులకీ అంటిస్తుంది. తర్వాత వేలు పెట్టి చూపిస్తూ పైకి చదువుతుంది. "ఇది పాత. ఇది కొత్త. పాతలోంచి కొత్తలోకి." మూడుసార్లు. వచ్చినవాళ్లు నవ్వుకుంటారు. మొగుడైతే మిషను దగ్గర్నుంచి, "నాకూ ఒక ముక్క అంటించవే, పాత మొగుడని. పొరపాటున మార్చేస్తావేమో" అంటాడు. అందరూ అది శ్రద్ధ అనుకున్నారు. అది భయం.

బల్లకి కుడివైపు కింది సొరుగుకి తాళం ఉండేది.

"అందులో ఏముందే?" అని అడిగాడు మొగుడు ఒకసారి.

"చచ్చిన డిస్కు."

"చచ్చినదానికి తాళమెందుకు? లేచి పారిపోతుందా?"

ఆవిడ నవ్వలేదు. ఆ తర్వాత అతను అడగలేదు.

ఆ సొరుగు కథ తెలియాలంటే పదకొండేళ్లు వెనక్కి వెళ్లాలి. అప్పటికి ఆవిడ ఈ పనిలోకి వచ్చి రెండేళ్లు. తెలిసింది తక్కువ, తెలుసనుకున్నది ఎక్కువ. రెండు వీధుల అవతల బస్సు నడిపి రిటైరైన ఒక డ్రైవరు బాబాయిగారుండేవాడు. ఆయన భార్య ఇరవై ఆరేళ్లు బస్టాండు మైకులో మాట్లాడింది. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదకొస్తుందో, ఏది ఎంత ఆలస్యమో ఆవిడ చెప్తేనే ఊరు కదిలేది. మొహం తెలిసినవాళ్లు పదిమంది ఉంటే గొంతు తెలిసినవాళ్లు పదివేలమంది. బాబాయిగారు కూడా ఆ పదివేలల్లో ఒకడే. "మొహం చూసి కాదమ్మా, మైకు విని చేసుకున్నా" అనేవాడు. "మొహం పెళ్లిలో చూశా. ఫరవాలేదనిపించింది."

ఆ పిన్నిగారికి గొంతులో పుండు పుట్టింది. ఆపరేషను చేస్తే ప్రాణం దక్కుతుంది, గొంతు దక్కదన్నారు. ఆపరేషనుకి ముందు ముప్పై మూడు రోజులు, రోజుకొక ముక్క చొప్పున, ఇంట్లో ఉన్న కంప్యూటర్‌లో ఆవిడ మాటలు రికార్డు చేసిపెట్టాడు బాబాయిగారు. పాటలూ పద్యాలూ కాదు. రోజువారీ మాటలు. పిలవడం, విసుక్కోవడం, నవ్వడం. తర్వాత ఆపరేషనైంది, పిన్నిగారు పలక పట్టుకుంది. మూడు నెలలు తిరక్కుండా ఆ కంప్యూటర్ డిస్కు గరగరమనడం మొదలుపెట్టింది. బాబాయిగారు దాన్ని చంటిపిల్లలా ఎత్తుకుని డిస్కక్క దగ్గరికి తెచ్చాడు.

"మా ఆవిడ గొంతు ఇందులో ఉందమ్మా. కొత్త డిస్కులోకి ఎక్కించు. జాగ్రత్త."

"మీరు నిశ్చింతగా వెళ్లండి బాబాయిగారూ" అంది డిస్కక్క.

పని మొదలుపెట్టే ముందు, సౌండు వస్తుందో లేదో చూద్దామని, వరసలో చివరిదాన్ని, ముప్పై మూడో రోజుదాన్ని వేసి వింది. స్పీకర్లోంచి ఆ గొంతు, చిన్నప్పుడు తల్లి చెయ్యి పట్టుకుని బస్టాండులో నిలబడ్డప్పుడు తలపైనుంచి వినబడిన గొంతే, ఇలా అంది: "ఏమండీ, పాలు పొంగుతున్నాయి చూడండి. చూడండంటే చూస్తూ కూర్చోమని కాదు, లేచి కట్టండి." తర్వాత నవ్వు. అంతే. పందొమ్మిది సెకన్లు.

ఇక పనిలోకి దిగింది. పాత కంప్యూటర్లలో ఒకే వెడల్పాటి పట్టీ కేబులుకి రెండు డిస్కులు వేలాడతాయి. అందులో పెద్దెవరో, రెండోదెవరో చెప్పడానికి ప్రతి డిస్కు వెనకా గోరంత ప్లాస్టిక్ ముక్క ఉంటుంది, జంపరంటారు. దాన్ని ఒక చోట గుచ్చితే పెద్దది, ఒక చోట గుచ్చితే చిన్నది. మూడో చోట గుచ్చితే ఆ పెత్తనం కేబులుదే, కొసన తగిలించింది పెద్దదవుతుంది. తొందరలో డిస్కక్క రెండింటికీ మూడో చోటే వదిలేసి, కొసన కొత్తదాన్ని తగిలించింది. రెండు డిస్కులూ ఒకే కంపెనీవి, ఒకే సైజువి. తెర మీద అచ్చుగుద్దినట్టు రెండు వరసలు కనబడ్డాయి. మొదటిది పాతదే కదా అనుకుంది. మొదటిదాంట్లోంచి రెండోదాంట్లోకి అని మీట నొక్కి, నింపాదిగా టీ తాగడానికి వెళ్లింది.

మొదటిది కొత్తది. అందులో ఏమీ లేదు. ఆ ఏమీ లేనితనాన్ని పాతదాని మీదకి, గొంతు మీదకి, మొదట్నుంచి వరసగా నింపుకుంటూ పోయింది కంప్యూటర్. చెప్పిన పని చెప్పినట్టు చేసే మూర్ఖుడు దానికంటే ఎవడుంటాడు.

గ్లాసు సగంలో ఉండగా కేబులు కొస గుర్తొచ్చింది. గ్లాసు అక్కడే వదిలేసి పరిగెత్తుకొచ్చి ప్లగ్గు పీకింది. తెర మీద అప్పటికి నలభై ఒక్క శాతం. మళ్లీ ఆన్ చేస్తే, డిస్కులో ఏమీ లేదు పొమ్మంది కంప్యూటర్.

నిజం చెప్పి ఉంటే ఆ రోజే తేలిపోయేది. డిస్కక్క చెప్పలేదు. పాత డిస్కు సొరుగులో దాచి, కొత్తది బిగించి, కంప్యూటర్ పట్టుకుని వాళ్లింటికి వెళ్లింది. "డిస్కు దానంతటదే పోయింది పిన్నిగారూ. బాగా పాతదైపోయింది. చేతిలో ఉండగానే పోయింది, పారేశాను." బాబాయిగారు కుర్చీలో కూలబడ్డాడు. పిన్నిగారు మాత్రం పలక తీసి రాసింది: "పోనీలే. నువ్వేం చేస్తావు."

తిట్టినా బాగుండేది. ఆ నాలుగు ముక్కలు డిస్కక్క గుండెలో ముల్లులా దిగబడి ఉండిపోయాయి.

అక్కణ్ణుంచి మొదలైంది. దయ్యాలు అర్ధరాత్రి తిరుగుతాయంటారు. ఈ గొంతుకి వేళాపాళా లేదు. పొద్దున పాలగిన్నె పొయ్యి మీద పెడితే చాలు, వెనకనుంచి "ఏమండీ" అనేది. బల్ల మీద ఏదో ఒక కంప్యూటర్ ఫ్యాను తిరుగుతుంటే ఆ గురకలోంచి "చూస్తూ కూర్చోమని కాదు" అనేది. పట్టపగలు, మొగుడు జిరాక్సు తీస్తూ ఉండగా, గిరాకీ గుమ్మంలో ఉండగా. స్పీకర్లు బాగుచెయ్యమని వస్తే డిస్కక్క పుచ్చుకోవడం మానేసింది. పాలు కాగుతుంటే పక్కనే నిలబడి, కళ్లార్పకుండా చూసి, పొంగకముందే కట్టేసేది. పిన్నిగారు చూస్తే రెండు వీధుల అవతల నిక్షేపంలా ఉంది, కూరగాయల దగ్గర ఎదురుపడితే తలూపి నవ్వుతుంది. మనిషి బతికుండగా గొంతు దయ్యమవడం ఎక్కడైనా విన్నామా? ఎవరికి చెప్పుకోవాలి? తేలు కుట్టిన దొంగలా ఊరుకుంది.

ఏళ్లు గడిచేకొద్దీ పని నేర్చుకుంది, అదే ఇంకా పెద్ద శిక్షయింది. సగం తుడిచిపెట్టుకుపోయిన డిస్కుల్లోంచి మిగతా సగాన్ని బయటికి లాగొచ్చని నేర్చుకుంది. ఎవరెవరివో పెళ్లి ఫొటోలు, పరీక్ష కాగితాలు అలాగే లాగి ఇచ్చింది. అంటే సొరుగులో ఉన్నదాంట్లో కూడా వందకి యాభై తొమ్మిది వంతులు మిగిలే ఉండాలి. కానీ తీసి చూస్తే? ఏమీ లేకపోతే రెండోసారి చంపినట్టు. ఏదన్నా ఉంటే, ఇది నీ దగ్గరెందుకుందని అడుగుతారు. తాళంచెవి కొంగుకి ముడేసుకుని తిరిగింది తప్ప తాళం తియ్యలేదు.

పన్నెండో ఏడు మొదలైన కొన్నాళ్లకి, ఒక ఉదయం, తోపుడు బండి మీద ఒక కంప్యూటర్ వచ్చి గుమ్మం ముందు ఆగింది. వెనక పిన్నిగారు, చంకలో పలక. మనిషి సగమైపోయింది.

డిస్కక్క కుర్చీ జరిపింది. "రండి పిన్నిగారూ. బాబాయిగారు బాగున్నారా?"

పిన్నిగారు బల్ల ముందు కూర్చుని రాయడం మొదలుపెట్టింది. రాసింది చూపించడం, తుడవడం, మళ్లీ రాయడం. బాబాయిగారికి మతిమరుపు జబ్బు పట్టుకుంది. మొదట ఇంటి దారి మర్చిపోయాడు, తర్వాత మనుషుల్ని. ఇప్పుడు పెళ్లాన్ని. సాయంత్రమైతే గేటు దగ్గర నిలబడి, మా ఆవిడ ఇంకా డ్యూటీ దిగలేదా అని దారిన పోయేవాళ్లని అడుగుతాడు. ఇంట్లో ఉన్న ఈ మూగావిడెవరో తెలియక మర్యాదగా నడుచుకుంటాడు.

పలక మీద రాసింది: "నన్ను మీరు అంటున్నాడు. నలభై రెండేళ్లు ఏమే అన్నవాడు."

"నేనే మీ భార్యనని రాసి చూపించారా పిన్నిగారూ?"

పిన్నిగారు తలూపింది. "చదివి నవ్వాడు. మా ఆవిడది గొంతమ్మా, రాత కాదు అన్నాడు."

తుడిచి మళ్లీ రాసింది. "ఇందులో ఏ మూలన్నా ముక్క మిగిలిందేమో చూడు. ఒక్క మాట చాలు."

ఆ కంప్యూటర్‌లో ఏముందో డిస్కక్కకి తెలిసినంత ఎవరికీ తెలియదు. తన చేత్తో బిగించిన డిస్కు. ఆ గొంతు అందులో ఒక్క క్షణం కూడా ఉండలేదు. ఉంటే గింటే తన మోకాలి దగ్గర, తాళం వెనక ఉంది.

ఆ నిమిషంలో ఆవిడ బుర్ర ఎంత పాడు ఆలోచన చేసిందో దాచడం ఎందుకు. సరే చూస్తానని పుచ్చుకోవచ్చు. సొరుగులోది తీసి ప్రయత్నించొచ్చు. దొరికితే ఇందులోదేనని ఇచ్చేయొచ్చు, దొరక్కపోతే లేదని చెప్పొచ్చు. ఎవరికీ ఏమీ తెలియదు, పైగా మంచి పేరొస్తుంది. "సరే పిన్నిగారూ, పెట్టి వెళ్లండి" అనడానికి నోరు తెరిచింది కూడా.

అంతలో పిన్నిగారు ఇంకో మాట రాసింది. "పోయినసారి నువ్వు బెంగతో రెండు రోజులు అన్నం ముట్టలేదని మీ ఆయన చెప్పాడు. నీకు మళ్లీ శ్రమ."

డిస్కక్కకి ఏడుపు ఆగలేదు. జిరాక్సు మిషను దగ్గర మొగుడు తిరిగి చూశాడు.

"డిస్కు దానంతటదే పోలేదు పిన్నిగారూ. నేనే చెరిపేశాను. ఏది పాతదో ఏది కొత్తదో చూసుకోకుండా, ఖాళీదాన్ని మీ గొంతు మీద పోశాను. పారేశానన్నది అబద్ధం. ఇక్కడే ఉంది. ఇన్నాళ్లూ ఇక్కడే ఉంది."

కొంగు ముడి విప్పి సొరుగు తెరిచి, డిస్కు తీసి బల్ల మీద పెట్టింది. పిన్నిగారు దాన్ని చూసింది. వేలితో ఒకసారి తాకింది. ఆవిడ మొహంలో ఏముందో చూసే ధైర్యం డిస్కక్కకి లేదు. పిన్నిగారు రాస్తుంటే బలపం మధ్యలో పుటుక్కున విరిగింది. విరిగిన ముక్కతోనే పూర్తిచేసి పలక ఇటు తిప్పింది.

"ముందు పని చూడు. తిట్లు తర్వాత."

రాసి, లేచి వెళ్లిపోయింది.

డిస్కక్క కళ్లు తుడుచుకుని రెండు ప్లాస్టరు ముక్కలు చింపింది. ఇది పాత, ఇది కొత్త. ఈసారి మొగుడు వేళాకోళమాడలేదు. దగ్గరికొచ్చి నిలబడి, ఆవిడతోపాటు తనూ మూడుసార్లు చదివాడు. జంపర్లు చూసింది, విడివిడిగా గుచ్చింది, కేబులు కొస చూసింది, పాతదాని మీద ఏమీ రాయకుండా చదవడం మాత్రమే జరిగేలా సరిచేసుకుంది. కరెంటు ఇచ్చింది. కంప్యూటర్ పాత డిస్కుని గుర్తుపట్టలేదు. స్క్రూడ్రైవర్ ఆనించి వింటే లోపల గుయ్యిమని లేవబోయి, లేవలేక ఆగిపోతోంది. పదకొండేళ్లు పడుకోబెడితే లోపల తిరిగే పళ్లేనికి, దాని మీద రాసే ముల్లు అతుక్కుపోయింది మరి.

అతుక్కున్నదాన్ని విడదియ్యడానికి ఒకే ఒక చిట్కా ఉంది. చేతిలో బల్లపరుపుగా పట్టుకుని, కరెంటు ఇచ్చిన క్షణంలో మణికట్టుతో చక్రంలా చురుగ్గా ఒక మెలిక తిప్పాలి. ఎక్కువ తిప్పితే ముల్లు విరిగి పళ్లేన్ని గీసేస్తుంది, ఇక ఆ పైవాడు కూడా ఏమీ చెయ్యలేడు. డిస్కక్క మొగుణ్ణి స్విచ్చి దగ్గర నిలబెట్టింది.

"నేను ఊ అన్నాక నొక్కు. ముందు నొక్కావంటే నీ చెయ్యి విరగ్గొడతా."

"ఊ అను."

"ఊ."

మెలిక తిప్పింది. గుయ్యిమంది, ఆగింది, మళ్లీ గుయ్యిమని సన్నగా లేచి, గరగరమంటూ తిరగడం మొదలుపెట్టింది. అదే పాత గరగర. తెర మీద రెండో వరసలో దాని పేరు కనబడింది.

రెండు రోజులు పట్టింది. డిస్కు నాలుగు అడుగులు వేసి ఒకచోట ఆగేది, అక్కడే గీరుకునేది, డిస్కక్క కూడా ఊపిరి బిగబట్టేది. ముందు నలభై ఒక్క వంతులు సున్నాలే. తన చేత్తో పోసిన సున్నాలు, వరసగా తెర నిండా దిగుతుంటే కళ్లప్పగించి చూసింది. ఆ తర్వాత ఏవేవో మొదలయ్యాయి. ఫైళ్ల పేర్లు ఎప్పుడో పోయాయి కాబట్టి సౌండు ఫైలు తల ఎలా ఉంటుందో ఆ గుర్తు పట్టుకుని వెతికింది. మూడు దొరికాయి. రెండింట్లో గాలి చప్పుడు తప్ప మాట లేదు. అన్నిటికంటే ఆఖర్న రాసింది అన్నిటికంటే దూరంగా పడి బతికిపోయింది. దాని నిడివి చూసింది డిస్కక్క. పందొమ్మిది సెకన్లు.

వేసి వినలేదు. వినక్కర్లేదు కదా.

మూడో రోజు మధ్యాహ్నం వాళ్లింట్లో, కిటికీ పక్క బల్ల మీద కంప్యూటర్ పెట్టి, స్పీకర్లు తగిలించింది. బాబాయిగారు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కుర్చీలో కూర్చున్నాడు. "మీరు మా ఆవిడతోపాటు పనిచేస్తారా అమ్మా?" అని డిస్కక్కని అడిగాడు. పిన్నిగారు గుమ్మానికి ఆనుకుని నిలబడింది. ఆవిడ కూడా తన గొంతు విని పదకొండేళ్లు దాటింది.

డిస్కక్క మీట నొక్కింది.

"ఏమండీ, పాలు పొంగుతున్నాయి చూడండి."

బాబాయిగారు తలెత్తాడు.

"చూడండంటే చూస్తూ కూర్చోమని కాదు, లేచి కట్టండి."

"ఆఁ, లేస్తున్నానే" అని ఆయన లేచాడు. చెప్పులు టపటపలాడించుకుంటూ వంటింట్లోకి వెళ్లాడు. పొయ్యి మీద ఏమీ లేదు, మంట కూడా లేదు. ఉన్నా లేకపోయినా మీట ఒకసారి అటు, ఒకసారి ఇటు తిప్పి కట్టేసి, లుంగీకి చెయ్యి తుడుచుకుంటూ తిరిగొచ్చాడు. అప్పటికి నవ్వు కూడా అయిపోయింది. పెళ్లాం పక్కనుంచే వెళ్లి స్పీకరు ముందు నిలబడ్డాడు.

"కట్టేశానే. ఇంక అరవకు" అన్నాడు దానితో.

స్పీకరు ఏమీ అనలేదు. ఆయన అలాగే నిలబడ్డాడు. గుమ్మం దగ్గర పిన్నిగారి మొహం వాడిపోయింది. గొంతు దొరికింది, దొరికి పెట్టెలోనే ఉండిపోయింది. డిస్కక్కకి అక్కణ్ణుంచి పారిపోవాలనిపించింది. "నేను వెళ్లొస్తా పిన్నిగారూ" అని లేచింది.

పిన్నిగారు అడ్డంగా వచ్చింది. ఎడమ చెయ్యి నడుం మీద పెట్టుకుని, పలక చంకలోంచి లాగి, కుర్చీ చేతి మీద ఆనించి బరబరా రాసింది. బలపం కీచుమంది. రాసి డిస్కక్క మొహం ముందు పెట్టింది.

"పదకొండేళ్లు సొరుగులో పెట్టి తాళం వేస్తావా? బుద్ధుందా నీకు? ఆ రోజే చెప్పి ఉంటే ఎన్ని మిగిలేవి?"

డిస్కక్క చదివింది. చదువుతుంటే చెవుల్లో వినబడింది, ఆ గొంతులోనే, ఒక్కో మాట. పాలమాట ఒక్కటే తెలిసిన ఆ గొంతు ఇప్పుడు కొత్త మాటలంటోంది. పిన్నిగారు మోచేత్తో తుడిచి మళ్లీ రాసింది, తల ఊపుతూ, బలపంతో గాలిలో పొడుస్తూ. మళ్లీ చూపించింది. ఒక్క తిట్టూ అన్యాయమైంది కాదు. డిస్కక్క ఒక్కొక్కటే తలొంచుకుని పుచ్చుకుంది.

స్పీకరు ముందు నిలబడ్డ బాబాయిగారు ఇటు తిరిగాడు. పెళ్లాం నడుం మీది చెయ్యి చూశాడు. ఊగుతున్న తల చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత మెల్లిగా వచ్చి కుర్చీలో కూర్చుని, పక్కనున్న స్టూలు డిస్కక్క వైపు జరిపాడు.

"నిలబడితే కాళ్లు లాగుతాయి, కూర్చోమ్మా" అన్నాడు. "మా ఆవిడ మొదలుపెడితే అంత తొందరగా ఆపదు."

పిన్నిగారి చేతిలో బలపం ఒక్క క్షణం ఆగింది. తర్వాత పలక రెండో వైపుకి తిప్పి మళ్లీ మొదలుపెట్టింది.